మొదటి గడప: ఊరి డాక్టరు అందుబాటుపై ఎనభై ఏళ్ల చర్చ

జబ్బు చేసిన మనిషి మొదట ఏ గడప తొక్కుతాడన్నదాని మీదనే ఆ జబ్బు ఎంత త్వరగా బయటపడుతుంది, ఎంత ఖర్చుతో నయమవుతుంది అన్నవి చాలావరకు ఆధారపడి ఉంటాయి. తెలుగు రాష్ట్రాల పల్లెల్లోనూ బస్తీల్లోనూ ఆ మొదటి గడప ప్రాథమిక ఆరోగ్య కేంద్రం కావచ్చు, నమోదు లేని గ్రామీణ వైద్యుడైన ఆరెంపీ ఇల్లు కావచ్చు, మందుల షాపు కావచ్చు, దగ్గరి పట్టణంలోని నర్సింగ్ హోమ్ కావచ్చు. వీటిలో ఏది మొదటి గడప కావాలి, అక్కడ ఎవరు కూర్చోవాలి, వారిని ఎవరు పోషించాలి అన్న చర్చ 1946 నాటి భోర్ కమిటీ నివేదిక నుంచి నేటి వరకు ఎడతెగక సాగుతూనే ఉంది. ఆసుపత్రి భవనం ఉన్నదా అని ఒకరు, అందులో డాక్టరు ఉన్నాడా అని మరొకరు, చేతిలో డబ్బు లేనివాడు ఏం కావాలని ఇంకొకరు అడుగుతూ, ఒకరి ప్రశ్నకు మరొకరి జవాబు చెప్పుకుంటూ రావడం వల్ల ఈ చర్చలో చిక్కుముళ్లు పెరిగాయి. ఆ ముళ్లను విప్పి, ఏ వాదం దేనికి బదులిస్తున్నదో, ఏది ఇంకా తేలలేదో చూడటం ఈ సమీక్ష ఉద్దేశం.

అందుబాటు అనే మాటలోని అర్థాలు

పెన్‌చాన్‌స్కీ, థామస్ అనే అమెరికా పరిశోధకులు 1981లో వైద్యం అందుబాటును ఐదు అంశాలుగా విడదీశారు. మొదటిది ఉనికి, అంటే అవసరానికి తగినంతమంది డాక్టర్లు, మందులు, పరికరాలు ఉండటం. రెండవది చేరిక, అంటే రోగి అక్కడికి వెళ్లగలగడం. మూడవది వీలు, అంటే ఓపీ వేళలు, నిరీక్షణ సమయం రోగి బతుకుతీరుకు కుదరడం. నాలుగవది భరించగలిగే ఖర్చు. ఐదవది అంగీకారం, అంటే రోగి డాక్టరును, డాక్టరు రోగిని మనిషిగా గౌరవించి నమ్మగలగడం.

ఈ ఐదింటిని తెలుగు నేల మీద పెట్టి చూస్తే వాటి తేడా స్పష్టమవుతుంది. రోడ్డు లేని ఏజెన్సీ గూడెం నుంచి గర్భిణిని డోలీలో మోసుకొని రావలసి వచ్చినప్పుడు లోపించినది చేరిక. కేంద్రం ఊరిలోనే ఉన్నా, పొద్దున్నే కూలికి వెళ్లి చీకటిపడ్డాక ఇల్లు చేరే మనిషికి పగటి ఓపీ వల్ల ప్రయోజనం లేకపోతే అక్కడ లోపించినది వీలు. ప్రభుత్వ కేంద్రంలో మందులు ఉచితమే అయినా ఒక పూట కూలి పోవడం, ఆటో ఛార్జీ, బయట చేయించుకోవలసిన పరీక్ష కలిసి ఖర్చవుతాయి కనుక, ఉచితం అన్న మాట భరించగలగడానికి పూర్తి హామీ కాదు. చీటీ రాయించుకొని అరగంట నిలబడిన రోగిని కళ్లెత్తి చూడకుండా మందు రాసి పంపితే లోపించినది అంగీకారం.

ఈ ఐదింటికి ఆరవదాన్ని కలపవలసిన అవసరాన్ని అమెరికా వైద్యురాలు బార్బరా స్టార్‌ఫీల్డ్ రచనలు గుర్తుచేస్తాయి. ప్రాథమిక వైద్యానికి ఆమె చెప్పిన లక్షణాలలో మొదటి సంపర్కంతో పాటు నిరంతరత, అంటే ఒకే డాక్టరు లేదా ఒకే బృందం రోగిని ఏళ్ల తరబడి చూడటం కూడా ముఖ్యమైనది. జ్వరానికీ దెబ్బకూ ఒకసారి చూసే డాక్టరు సరిపోవచ్చు గాని, రక్తపోటు, మధుమేహం, మూత్రపిండాల జబ్బు వంటివి జీవితాంతం వెంట ఉండేవి కనుక, వాటికి మొదటి సందర్శన కన్నా రెండవది, పదవది ముఖ్యం. తెలుగునాట సాగిన చర్చలో అన్నిటికన్నా తక్కువగా వినిపించిన అంశం ఇదే.

చర్చ నడిచిన దారి

సర్ జోసఫ్ భోర్ అధ్యక్షతన 1943లో ఏర్పడిన కమిటీ, డబ్బు ఇచ్చుకోలేడన్న కారణంగా ఎవరికీ వైద్యం అందకుండా పోకూడదన్న సూత్రంపై నిలబడి, తక్షణ ప్రణాళికగా 40,000 జనాభాకు ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రాన్ని సూచించింది. అదే కమిటీ తీసుకున్న మరో నిర్ణయం తరువాతి చరిత్రను మలుపు తిప్పింది. అప్పటికి దేశంలోని అర్హత గల అల్లోపతి వైద్యులలో దాదాపు మూడింట రెండు వంతులమంది లైసెన్షియేట్లు, అంటే డిగ్రీ కన్నా తక్కువ కాలం చదివి వైద్యం చేయడానికి అనుమతి పొందినవారు. దేశమంతటా ఒకే స్థాయి డాక్టరు ఉండాలన్న ఆదర్శంతో కమిటీలోని అధికసంఖ్యాకులు ఆ చదువును ఆపేయాలన్నారు. డాక్టర్ల కొరత తీరేదాకా కొనసాగించాలని కొందరు సభ్యులు అసమ్మతి తెలిపారు. మెజారిటీ మాటే నెగ్గింది. ఊళ్లకు వెళ్లే వైద్యుల శ్రేణి క్రమంగా అంతరించగా, ఆ ఖాళీలోకి కాలక్రమంలో ఎవరు వచ్చారన్నది ఈనాటి ఆరెంపీ సమస్యకు ఒక మూలం.

1952లో మొదలైన సమాజ వికాస పథకంతో బ్లాకుకో ఆరోగ్య కేంద్రం రాసాగింది. అందరికీ ఆరోగ్యం అన్న లక్ష్యానికి ప్రాథమిక వైద్యమే మార్గమని 1978లో ఆల్మా అటా అంతర్జాతీయ సదస్సు ప్రకటించిన తరువాత, మైదానాల్లో 30,000 మందికి, కొండ, గిరిజన ప్రాంతాల్లో 20,000 మందికి ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రం, అలాగే 5,000 లేదా 3,000 మందికి ఒక ఉపకేంద్రం అన్న కొలమానం స్థిరపడింది. ఈ దశలో చర్చ ప్రధానంగా భవనాల సంఖ్య చుట్టూ, అంటే ఉనికి, చేరికల చుట్టూ తిరిగింది. 2005లో వచ్చిన జాతీయ గ్రామీణ ఆరోగ్య మిషన్ ఊరి మనిషినే ఆశా కార్యకర్తగా నిలిపి, గర్భిణులకు, పసిపిల్లలకు ఆరోగ్య వ్యవస్థతో ముడి వేసింది.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో అదే ఏడాది ఆగస్టు 15న 108 అత్యవసర వాహన సేవ, 2007 ఏప్రిల్‌లో మహబూబ్‌నగర్, అనంతపురం, శ్రీకాకుళం జిల్లాలతో ఆరోగ్యశ్రీ వైద్య బీమా పథకం, ఆ తరువాత ఊరూరా తిరిగే 104 సంచార వాహనాలు వచ్చాయి. రాష్ట్ర విభజన తరువాత తెలంగాణ 2018లో హైదరాబాదులో బస్తీ దవాఖానాలను, వాటి నుంచి సేకరించిన నమూనాలను ఉచితంగా పరీక్షించే తెలంగాణ డయాగ్నస్టిక్స్‌ను ప్రారంభించింది. ఆంధ్రప్రదేశ్ పదివేలకు పైగా విలేజ్ క్లినిక్‌ల ఏర్పాటును చేపట్టి, 2023 ఏప్రిల్ 6న పల్నాడు జిల్లా లింగంగుంట్లలో ఫ్యామిలీ డాక్టర్ విధానాన్ని లాంఛనంగా మొదలుపెట్టింది. పథకాల పేర్లు ప్రభుత్వాలతో పాటు మారుతున్నా, వాటి అడుగున ఉన్న ఆలోచనలను నాలుగు వాదాలుగా గుర్తించవచ్చు.

మొదటి వాదం: ప్రభుత్వ కేంద్రాన్నే బలపరచాలి

ఈ వాదం ప్రకారం సమస్య ప్రాథమిక ఆరోగ్య కేంద్రం అన్న ఆలోచనలో లేదు, దానికి తగిన నిధులు, మనుషులు ఇవ్వకపోవడంలో ఉంది. కె. శ్రీనాథ్ రెడ్డి అధ్యక్షతన పనిచేసిన ఉన్నతస్థాయి నిపుణుల బృందం 2011లో ఆరోగ్య వ్యయంలో సింహభాగం ప్రాథమిక వైద్యానికే పోవాలని సూచించింది. 2017 జాతీయ ఆరోగ్య విధానం మూడింట రెండు వంతులు లేదా అంతకన్నా ఎక్కువ అని రాసుకుంది. కేరళ 2017లో ఆర్ద్రం మిషన్ కింద ప్రాథమిక కేంద్రాలను కుటుంబ ఆరోగ్య కేంద్రాలుగా మార్చి, సిబ్బందిని పెంచి, ఓపీ వేళలను సాయంత్రం దాకా పొడిగించడాన్ని ఈ వాదులు నిదర్శనంగా చూపుతారు. భవనానికి వీలు తోడైతే జనం వస్తారన్నది వారి సారాంశం.

దీనికి ఎదురయ్యే ఆధారాలు గట్టివే. 2006లో ప్రచురితమైన ఒక బహుదేశ అధ్యయనం, ముందుగా చెప్పకుండా వెళ్లి చూసినప్పుడు భారతదేశంలోని ప్రభుత్వ ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల సిబ్బందిలో దాదాపు 40 శాతం మంది విధుల్లో లేరని తేల్చింది. రాజస్థాన్‌లోని ఉదయ్‌పూర్‌లో నర్సుల హాజరును లెక్కగట్టి జీతం కోసే ప్రయోగం మొదటి నెలల్లో ఫలించినా, మినహాయింపులు పెరిగి ఏడాదిన్నర లోపే నీరుగారిపోయింది. మధ్యప్రదేశ్‌లో శిక్షణ పొందిన నటులను రోగులుగా పంపి చేసిన మరో అధ్యయనంలో, ఒకే డాక్టరు ప్రభుత్వ కేంద్రంలో కన్నా తన ప్రైవేటు క్లినిక్‌లో ఎక్కువసేపు, ఎక్కువ శ్రద్ధతో రోగిని చూసినట్లు వెల్లడైంది. అంటే లోపం డాక్టరుకు తెలియకపోవడంలో కాక, తెలిసినది చేయకపోవడంలో ఉన్నదన్నమాట. దీనికి మొదటి వాదులు ఇచ్చే జవాబునూ తోసిపుచ్చలేము: క్వార్టర్స్, పిల్లలకు బడి, తోడుగా మరో డాక్టరు లేని చోట మనిషి నిలవకపోవడాన్ని నీతి లోపంగా మాత్రమే చూస్తే పరిష్కారం దొరకదు.

రెండవ వాదం: డబ్బు రోగి వెంట నడవాలి

పేదవాడిని ఫలానా కేంద్రానికే కట్టివేయకుండా, అతని ఖర్చును ప్రభుత్వమే భరిస్తే అతను తనకు నచ్చిన చోటికి వెళతాడన్నది ఈ వాదం. ఆరోగ్యశ్రీ దీనికి తెలుగునాట పుట్టిన రూపం; 2018లో మొదలైన ఆయుష్మాన్ భారత్ బీమా దేశవ్యాప్త రూపం. గుండె ఆపరేషన్, క్యాన్సర్ చికిత్స వంటివి పొలం అమ్ముకోకుండా జరగవచ్చని లక్షలాది కుటుంబాలకు మొదటిసారి అనుభవంలోకి తెచ్చిన ఘనత ఆరోగ్యశ్రీది. ఆ భరోసా విలువను విమర్శకులు కూడా కాదనలేరు.

అయితే ఈ రక్షణ ప్రధానంగా ఆసుపత్రిలో చేరిన తరువాతి వైద్యానికి వర్తిస్తుంది. కొన్ని చికిత్సల తరువాత కొంతకాలం పరీక్షలు, మందులు ఇచ్చే ఏర్పాటు ఉన్నా, మామూలు ఓపీ వైద్యం దాని పరిధిలోకి రాదు. రక్తపోటు మాత్రను క్రమం తప్పకుండా అందించే బాధ్యత బీమా కార్డుది కాదు. ఆ మాత్ర ఆగిపోయినందువల్ల గుండెకో మూత్రపిండానికో దెబ్బ తగిలాక దాని పని మొదలవుతుంది. శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో దీర్ఘకాలిక మూత్రపిండ వ్యాధి ఊళ్లకు ఊళ్లను పీడించిన తీరు గమనిస్తే, డయాలసిస్ యంత్రం ఎంత అవసరమో, అంతకు చాలాముందే రక్తపరీక్ష చేసి ఏటేటా గమనించే మనిషి అంత అవసరమని తెలుస్తుంది. జాతీయ ఆరోగ్య లెక్కల ప్రకారం మొత్తం వైద్య వ్యయంలో ప్రజలు సొంత జేబు నుంచి పెట్టే వాటా 2013–14లో 64.2 శాతం నుంచి 2021–22 నాటికి 39.4 శాతానికి తగ్గింది. ఆ మిగిలిన భారంలో మందులు, పరీక్షల వంటి చిన్నచిన్న ఖర్చులను బీమా ఎలా తాకగలదన్నది ఈ వాదం ముందున్న ప్రశ్న.

మూడవ వాదం: ఊళ్లో ఉన్న మనిషికే నేర్పాలి

ఒకప్పుడు ఆరెంపీ అన్న పొడి అక్షరాలు నమోదైన వైద్యుడిని సూచించేవి. ఈనాడు అవి నమోదు లేని గ్రామీణ వైద్యుడికి అంటిపెట్టుకున్నాయి. చాలామంది పట్టణ డాక్టరు దగ్గర కంపౌండరుగా పని నేర్చుకొని ఊళ్లో స్థిరపడినవారే. రాత్రి తలుపు తడితే లేవడం, ఇంటికే వచ్చి సెలైన్ పెట్టడం, పంట చేతికొచ్చాక డబ్బు తీసుకోవడం అన్న మూడు పనుల వల్ల చేరిక, వీలు, ఖర్చు, అంగీకారం అన్న నాలుగు అంశాల్లోనూ వారికి సాటి లేదు. అదే సమయంలో అవసరం లేని సూదులు, యాంటీబయాటిక్‌లు, స్టెరాయిడ్‌లు, కమీషన్ కోసం ప్రైవేటు ఆసుపత్రులకు పంపడం అన్న ప్రమాదాలూ వారి చుట్టూనే ఉన్నాయి.

ఈ వాదానికి బలమిచ్చిన ప్రయోగం పశ్చిమ బెంగాల్‌లోని బీర్‌భూమ్ జిల్లాలో జరిగింది. 304 మంది అనధికారిక వైద్యులలో కొందరికి 9 నెలల శిక్షణ ఇచ్చి, మిగిలినవారితో పోల్చగా, జబ్బును సరిగా గుర్తించి నడిపించడంలో శిక్షణ పొందినవారికి, ప్రభుత్వ డాక్టర్లకు మధ్య ఉన్న తేడాలో సగం మేర తగ్గిందని 2016లో ప్రచురితమైన ఫలితాలు చెప్పాయి. కాని అనవసరపు మందులు ఇచ్చే అలవాటు మాత్రం తగ్గలేదు. ఇరుపక్షాలూ తమకు కావలసిన సగాన్ని ఎత్తిచూపడం వల్ల ఒకే అధ్యయనం రెండు వాదాలకూ ఆయుధమైంది. వైద్య మండళ్లు, డాక్టర్ల సంఘాలు దీన్ని అర్హత లేని వైద్యానికి రాజముద్ర వేయడంగా చూస్తాయి. జాతీయ వైద్య కమిషన్ చట్టం 2019లోని 34వ సెక్షన్ అర్హత లేకుండా వైద్యం చేస్తే ఏడాది దాకా జైలు, 5 లక్షల రూపాయల దాకా జరిమానా విధిస్తుంది.

అదే చట్టంలోని 32వ సెక్షన్ పరిమిత లైసెన్సుతో పనిచేసే సామాజిక ఆరోగ్య సేవకుడికి చోటు కల్పించింది. ఇది ఆరెంపీలకు తెరిచిన తలుపు కాదు, శిక్షణ పొందిన మధ్యస్థాయి సేవకులకు ఉద్దేశించినది. ఛత్తీస్‌గఢ్ 2001లో మొదలుపెట్టి కొన్నేళ్లకే మూసేసిన మూడేళ్ల వైద్య కోర్సు పూర్తిచేసినవారు, సాధారణ జబ్బుల విషయంలో ప్రభుత్వ డాక్టర్లతో సమానంగా నిలిచారని తరువాతి పరిశీలన చెప్పింది. విలేజ్ క్లినిక్‌లలో పనిచేస్తున్న నర్సింగ్ పట్టభద్రులు ఆ ఆలోచనకే మరో రూపం. భోర్ కమిటీలో ఓడిపోయిన అసమ్మతివాదుల మాట, ఏడు దశాబ్దాల తరువాత వేరే పేరుతో తిరిగి వచ్చిందనడం అతిశయోక్తి కాదు.

నాలుగవ వాదం: డాక్టరే ఊరికి రావాలి

డాక్టరు ఊళ్లో కాపురం ఉండకపోయినా, నిర్ణీత రోజున రావచ్చు, తెరపై కనిపించవచ్చు అన్నది నాలుగవ వాదం. ఆంధ్రప్రదేశ్ విధానంలో ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి ఇద్దరు డాక్టర్లు ఉండి, ఒకరు కేంద్రంలో ఓపీ చూస్తుండగా, మరొకరు 104 వాహనంలో తనకు కేటాయించిన ఊళ్లకు నెలకు రెండుసార్లు వెళ్లాలని ఏర్పాటు. ఇ-సంజీవని అనే కేంద్ర ప్రభుత్వ దూరవైద్య సేవను 2019 నవంబరులో ఆరోగ్య కేంద్రాల స్థాయిలో మొదట అమలు చేసిన రాష్ట్రం ఆంధ్రప్రదేశే. మంచానికే పరిమితమైన వృద్ధులకు, నెలనెలా బీపీ, షుగర్ మాత్రలు కావలసినవారికి ఈ పద్ధతి పెద్ద ఊరట.

దీని బలహీనత దాని రూపంలోనే ఉంది. జ్వరం వాహనం తేదీని చూసుకొని రాదు. తెరపై కనిపించే డాక్టరు పొట్ట నొక్కి చూడలేడు. వచ్చే డాక్టరు బదిలీల వల్ల తరచూ మారితే ఫ్యామిలీ డాక్టరు అన్న పేరుకు ప్రాణమైన పరిచయమే నిలవదు. సమర్థకులు మాత్రం, ఊళ్లో స్థిరంగా ఉండే నర్సు, క్రమం తప్పక వచ్చే డాక్టరు, నిలిచి ఉండే రికార్డు మూడూ కలిస్తే ఈ లోటు చాలావరకు తీరుతుందని అంటారు.

తులనాత్మక సారాంశం

- ప్రభుత్వ కేంద్రం: ఉనికి, ఖర్చు విషయాల్లో బలమైనది; వీలు, అంగీకారం విషయాల్లో చోటును బట్టి, మనిషిని బట్టి మారుతుంది. డాక్టరు ఏళ్ల తరబడి నిలిస్తే నిరంతరతకు అన్నిటికన్నా అనువైనది.
- బీమా: పెద్ద ఖర్చు నుంచి కాపాడటంలో సాటిలేనిది, మొదటి గడప విషయంలో దాదాపు మౌనం.
- శిక్షణ పొందిన స్థానిక సేవకుడు: చేరిక, వీలు, అంగీకారాల్లో ముందుంటాడు, వైద్య నాణ్యత, మందుల వాడకంపై అదుపు పెద్ద సందేహాలు.
- వచ్చిపోయే డాక్టరు, దూరవైద్యం: దీర్ఘకాలిక జబ్బులకు అనువైనవి, హఠాత్తుగా వచ్చే జబ్బుకు, రాత్రివేళకు జవాబు ఇవ్వలేవు.

ఈ నాలుగూ ఒకదానికొకటి పోటీ అన్న భావనే చర్చను చిక్కుల్లో పడేసింది. నిజానికి అవి అందుబాటులోని వేర్వేరు లోపాలకు పుట్టిన జవాబులు.

ఇంకా తేలని ప్రశ్నలు

మొదటి ప్రశ్న, రోగిని ఒక డాక్టరు జాబితాలో నమోదు చేయాలా అన్నది. బ్రిటన్‌లో ప్రతి మనిషీ నివాసానికి దగ్గరలోని ఒక సర్జరీలో, అంటే స్థానిక డాక్టర్ల క్లినిక్‌లో పేరు నమోదు చేసుకుంటాడు. 1948 నుంచి అక్కడ డాక్టరును కలవడానికి ఫీజు లేదు. ఆపదలు, ప్రమాదాలు తప్ప పెద్దాసుపత్రికి దారి సాధారణంగా ఆ క్లినిక్ మీదుగానే. చదువుకూ ఉద్యోగానికీ అక్కడికి వెళ్లిన తెలుగువారికి మొదట నేర్చుకోవలసి వచ్చే పద్ధతి ఇది. అయితే డాక్టర్లు చాలకపోవడంతో అపాయింట్‌మెంట్ కోసం ఉదయం ఎనిమిదింటికే ఫోన్లు పట్టుకొని పోటీపడటం, ఎవరో ఒక డాక్టరు త్వరగా దొరకడం మేలా, ఆలస్యమైనా తెలిసిన డాక్టరే మేలా అన్న వివాదం అక్కడా సాగుతున్నాయి. నార్వేలో జరిగిన ఒక పెద్ద అధ్యయనం, 15 ఏళ్లకు మించి ఒకే డాక్టరు వద్ద ఉన్నవారిలో, ఏడాది లోపు పరిచయం ఉన్నవారితో పోలిస్తే మరణాలు దాదాపు 25 శాతం తక్కువని చూపింది. ఇది కారణమా, కేవలం సంబంధమా అన్నది పూర్తిగా తేలకపోయినా, దాన్ని తేలిగ్గా తీసుకోలేము.

రెండవ ప్రశ్న, దేన్ని కొలవాలన్నది. ఓపీ సంఖ్య పెరగడం రద్దీకి కొలత, వైద్యానికి కాదు. ఒక కేంద్రం పరిధిలో రక్తపోటు ఉన్నవారు ఎందరు, వారిలో ఎందరికి అది అదుపులో ఉంది అన్న లెక్క తీస్తే సిబ్బంది పనితీరు మరో వెలుగులో కనిపిస్తుంది.

మూడవది, చట్టానికీ వాడుకకూ మధ్య ఉన్న అగాధం. ఆరెంపీలపై దాడులు, శిక్షణ హామీలు మారిమారి వస్తున్నంతకాలం, జనం రాత్రివేళ ఆధారపడే మనిషి చట్టానికి అంటరానివాడిగానే మిగులుతాడు. అతన్ని తొలగించి ఆ రాత్రికి ఎవరిని నిలుపుతారన్న ప్రశ్నకు జవాబు దొరకలేదు. నాలుగవది, డాక్టరును ఊళ్లో నిలిపే ఉపాయం. గ్రామీణ సేవ చేసినవారికి పీజీ సీట్లలో కోటా మంచి ప్రోత్సాహకమే గాని, సీటు రాగానే డాక్టరు వెళ్లిపోతాడు కనుక, అది నియామకానికి పనికొచ్చినంతగా నిరంతరతకు పనికిరాదు.

ముగింపు

ఎనభై ఏళ్ల చర్చను ఒకచోట పేర్చి చూస్తే, దాని కేంద్రం మెల్లగా జరిగిన తీరు కనిపిస్తుంది. ఊరికి ఎంత దూరంలో ఆసుపత్రి ఉంది అన్నదానితో మొదలై, అందులో ఎవరున్నారు, ఎంత ఖర్చవుతుంది అన్నవాటి మీదుగా సాగి, ఇప్పుడు ఆ రోగిని ఎవరు గుర్తుపెట్టుకుంటారు అన్న ప్రశ్న దగ్గరికి వచ్చింది. అంటువ్యాధులు, కాన్పు మరణాల కాలంలో మొదటి ప్రశ్నే న్యాయమైనది. ప్రాణాలు తీసే జబ్బులు చాలావరకు ఏళ్ల తరబడి నిశ్శబ్దంగా పెరిగేవైన ఈ కాలానికి చివరి ప్రశ్నే న్యాయమైనది. మాత్రలు అయిపోయిన నెలాఖరున రోగి తిరిగి రానప్పుడు, అతను రాలేదని గమనించే మనిషి ఊరికి ఒకరైనా ఉన్నారా అన్నదే ఏ పథకానికైనా పెట్టవలసిన పరీక్ష. ఆ మనిషి డాక్టరా, నర్సా, ఆశా కార్యకర్తా అన్నది రాష్ట్రాన్ని బట్టి, ఊరిని బట్టి మారవచ్చు. అలాంటి మనిషి లేని చోట మాత్రం, గడపలు ఎన్ని కట్టినా రోగి ప్రతిసారీ కొత్తవాడిగానే లోపలికి వస్తాడు.